ఫోనులో షుగర్ పద్దు – మూడో పాఠం: జంట అంకెలు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. వారం రోజులు, పొద్దున లేవగానే, కాఫీ కూడా తాగకముందు షుగర్ చూసుకుని ఆ అంకెను ఫోనులో రాసిపెట్టమన్నాను. రాసినవాళ్లు ఆ ఏడు అంకెలను ఒకసారి తెరిచి ముందు పెట్టుకోండి. రాయనివాళ్లు కూడా ఈ పాఠం చదవండి, కానీ రేపు పొద్దున్నుంచే మొదలుపెట్టండి.

మా అమ్మ ఏడు అంకెలు ఇవి: 118, 124, 121, 129, 162, 126, 122.

ఎవరు చూసినా కళ్లు ఆ 162 దగ్గరే ఆగుతాయి. ఆ రోజు ఏమైంది? ముందు రాత్రి పెళ్లి భోజనం చేసిందా, మాత్ర మర్చిపోయిందా, సరిగా నిద్ర పట్టలేదా, ఒళ్లు వెచ్చబడిందా? అమ్మను అడిగితే "ఏమోనమ్మా, అయిదు రోజుల కిందటి మాట ఎవరికి గుర్తుంటుంది" అంది. నిజమే, నాకూ గుర్తు లేదు. అంకె ఉంది కానీ దాని చుట్టూ జరిగింది ఏదీ లేదు. కొట్లో చిట్టా రాసేవాళ్లు "రెండు వందలు" అని మాత్రమే రాసి వదిలేయరు. ఎవరిచ్చారు, దేనికిచ్చారు అని పక్కన రాస్తారు. అది లేకపోతే నెలాఖరులో ఆ రెండు వందలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. షుగర్ పద్దు కూడా అంతే.

అందుకని ఈ వారం నుంచి అంకెను ఒంటరిగా రాయడం మానేస్తాం. తినకముందు ఒకటి, తిన్నాక ఒకటి, మధ్యలో ఏం తిన్నామో. ఈ మూడూ కలిపితే ఒక జంట. ఈ పాఠంలో నేర్చుకునేది ఇదొక్కటే, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

ఎక్కడో దాక్కున్న షుగర్

ఇది నాకు ఎలా తెలిసిందో ముందు చెప్పాలి. తిరుపతిలో మేముండే వీధిలో పొద్దున్నే లాబ్ అబ్బాయి ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయేవాడు. ఏళ్ల తరబడి అమ్మ పరగడుపు షుగర్ 120, 130 మధ్యే వచ్చేది. ఆ చీటీలన్నీ పర్సులో మడిచి పెట్టుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా "కంట్రోల్లోనే ఉందండి" అని చెప్పేది. నేనూ అదే నమ్మాను. ఒకసారి డాక్టర్ మూడు నెలల షుగర్ టెస్ట్ రాశారు, అదే హెచ్‌బీఏ1సీ. అది 8.4 వచ్చింది.

ఈ పరీక్ష ఏం చూస్తుందో తెలియకపోతే ఆ అంకె బరువు తెలియదు. రక్తంలో తిరిగే గ్లూకోజ్ కొంత ఎర్రకణాల్లోని హీమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కాబట్టి ఎంత శాతం అంటుకుందో చూస్తే, గడిచిన రెండు మూడు నెలల్లో సగటున షుగర్ ఎంతుందో తెలుస్తుంది. 7 శాతం వస్తే సగటు సుమారు 154 అని, 8 అయితే 183 అని, 9 అయితే 212 అని లెక్క. అమ్మకు వచ్చిన 8.4 అంటే దాదాపు 194. రక్తహీనత ఉన్నవాళ్లకు ఈ పరీక్ష కొంత తప్పుగా చూపించవచ్చు. ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. అమ్మకు రక్తహీనత లేదు.

పొద్దున 125, సగటు 194. ఈ రెండు మాటలూ నిజమే అయితే, రోజులో ఎక్కడో ఒక చోట షుగర్ బాగా పైకి వెళ్లి వస్తుండాలి. మేం చూస్తున్నదేమో అది కిందికి దిగి ఉన్న వేళ ఒక్కటే. పగలంతా ఇంట్లో తిరిగిన దొంగను తెల్లవారుజామున వెతుకుతున్నట్టుంది మా పని.

అప్పుడు మొదలుపెట్టాం జంటలు. మొదటి వారం మూడు పూటలూ ఒక్కోసారి చూశాం. పొద్దున మూడు ఇడ్లీ, చట్నీ: ముందు 122, తర్వాత 168. రాత్రి రెండు చపాతీ, కూర: ముందు 134, తర్వాత 176. మధ్యాహ్నం రాగి సంగటి, పులుసు: ముందు 128, తర్వాత 238.

ఆ 238 చూసి అమ్మ నమ్మలేదు. మిషన్ పాడైందంది. షుగర్ ఉన్నవాళ్లు అన్నం మాని సంగటి తినాలని మన వైపు ఊరూరా చెబుతారు. అమ్మ పదేళ్లుగా అదే చేస్తోంది. మర్నాడు మళ్లీ చూశాం, 231. మిషన్‌లో తప్పేమీ లేదు.

సంగటిని నేనిక్కడ తప్పుపట్టడం లేదు. రాగిలో పీచు ఉంది, కాల్షియం దండిగా ఉంది. కానీ సంగటిలో రాగిపిండితో పాటు బియ్యమో నూకలో కూడా మెత్తగా ఉడుకుతాయి. పిండి ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా అరిగి షుగర్‌గా మారుతుంది. దానికితోడు అమ్మ తినేది పెద్ద ముద్ద. పక్కన ఉన్నది పల్చటి పులుసు, కూరగాయ ముక్క లేదు. తర్వాతి వారం సగం ముద్ద, కప్పు పప్పు, ప్లేటు నిండా మటిక్కాయల (గోరుచిక్కుడు) వేపుడు పెట్టాం. ముందు 126, తర్వాత 171. మానేసింది ఏమీ లేదు, పళ్లెంలో వాటాలు మారాయి అంతే.

ఇది మా అమ్మ ఒంటి లెక్క. మీ ఒంటికి సంగటి పడవచ్చు, ఇడ్లీ పడకపోవచ్చు. ఒకే ఇంట్లో ఒకే కుండలో వండింది తిన్నా ఇద్దరికి రెండు రకాలుగా ఎగబాకుతుంది. మీది మీ జంటలే చెప్పాలి.

రెండో అంకె ఒక్కటే చాలదా?

చాలదు. ఇది జాగ్రత్తగా చదవండి. తిన్నాక రెండు గంటలకు 210 వచ్చిందనుకుందాం. తినకముందు 120 ఉండి 210 అయితే, ఆ పళ్లెం 90 పెంచిందన్నమాట. చూడాల్సింది పళ్లెం వైపు. అదే తినకముందే 180 ఉండి 210 అయితే పెరిగింది 30 మాత్రమే. ఆ భోజనంలో తప్పు లేదు, మొదలే ఎత్తులో ఉంది. దానికి కారణం ముందు పూట తిండి కావచ్చు, మందు చాలకపోవడం కావచ్చు, జ్వరమో, ఒంట్లో ఇన్‌ఫెక్షనో కావచ్చు. బయటికి రెండూ 210లే. ఒకదానికి మందు వంటింట్లో ఉంది, రెండోదానికి డాక్టర్ దగ్గర. ముందు అంకె లేకపోతే ఈ తేడా ఎప్పటికీ తెలియదు. పాపం, ఏ తప్పూ లేని భోజనాన్ని మానేసి నీరసపడిపోయినవాళ్లను నేను చూశాను.

వాట్సాప్‌లో మీకు మీరే రాసుకోవడం

షుగర్ కోసం ప్రత్యేకంగా చాలా యాప్‌లు ఉన్నాయి. బ్లూటూత్‌తో అంకెను తానే ఫోనుకు పంపే మిషన్లూ ఉన్నాయి. అవి వాడటం మీకు సులువైతే వాడండి. కానీ ఈ పాఠం అరవై డెబ్భై ఏళ్లవాళ్లు కూడా తమంతట తాము చేసుకోవాలని రాస్తున్నాను. వాళ్లకు ఇప్పటికే చేతికి అలవాటైనది వాట్సాప్. అందులో మనకు మనమే మెసేజ్ పంపుకునే వీలు 2022 చివర్లో వచ్చింది. మన పద్దుకు అది చాలు. రాసిన ప్రతి మాట పక్కన టైము తానే పడుతుంది, అంతకంటే ఏం కావాలి?

వాట్సాప్ తెరిచి కొత్త చాట్ మొదలుపెట్టే గుర్తు నొక్కండి. పేర్ల పట్టికలో పైనే మీ సొంత పేరు కనిపిస్తుంది. దాన్ని నొక్కి ఏదో ఒక మాట రాసి పంపండి. చాట్ తయారవుతుంది. వెనక్కి వచ్చి ఆ చాట్ మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే పైన పిన్ను గుర్తు వస్తుంది. దాన్ని నొక్కితే ఆ చాట్ ఎప్పుడూ పైనే ఉంటుంది, గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద పడి పోదు.

ఇప్పుడు భోజనానికి కూర్చునే ముందు షుగర్ చూసుకుని ఇలా రాయండి:

జంట. మధ్యాహ్నం. ముందు 126. సంగటి అర ముద్ద, పప్పు, మటిక్కాయలు.

"జంట" అనే మాటను ప్రతిసారీ మొదట్లోనే, అదే అక్షరాలతో రాయాలి. ఎందుకో కింద చెబుతాను. తిన్న రెండు గంటలకు మళ్లీ చూసుకున్నాక, పాత మెసేజ్‌ను దిద్దాలని చూడకండి. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల లోపే దిద్దగలం, మనకు కావాల్సింది రెండు గంటల తర్వాత. దానికి బదులు ఆ పాత మెసేజ్ మీద వేలు పెట్టి కుడివైపుకు జరపండి. దానికి జవాబు రాసే గడి తెరుచుకుంటుంది. అందులో ఇలా రాయండి:

జంట. తర్వాత 171. తేడా 45.

ఇలా రాస్తే రెండో అంకె పైన మొదటి మెసేజ్ అతుక్కునే ఉంటుంది. మధ్యలో ఇంకేవి రాసుకున్నా ఆ రెండూ విడిపోవు. నెల తర్వాత చాట్‌లో పైన మూడు చుక్కలు నొక్కి, వెతికే చోట "జంట" అని కొడితే, జంటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి దొరుకుతాయి. ఒకసారి "జంట", ఒకసారి "జత", ఒకసారి ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే సగం దొరకవు. అందుకే ఒకటే మాట అన్నాను.

టైపు చేయడం కష్టమైతే కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి తెలుగులో చెప్పండి. తెలుగు రాకపోతే కీబోర్డు సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగును చేర్చుకోవాలి. ఇంట్లో పిల్లలెవరైనా రెండు నిమిషాల్లో చేసిపెడతారు. తిండి పేర్లు నోటితో చెప్పినా, అంకెలు మాత్రం చేత్తో కొట్టండి. నోటితో చెబితే ఒక్కోసారి అక్షరాల్లో పడుతుంది, ఒక్కోసారి వేరే అంకె పడుతుంది.

పళ్లెం ఫొటో తీస్తే మంచిదే, ముద్ద ఎంతుందో మాటకంటే ఫొటో బాగా చెబుతుంది. అయితే ఫొటో కింద అంకె రాయడం మానకండి, బొమ్మలో ఉన్న అంకెను వెతుకులాట పట్టుకోలేదు. అలాగే వాట్సాప్ సెట్టింగుల్లో బ్యాకప్ పని చేస్తోందో లేదో ఇవాళే చూసుకోండి. ఫోన్ పోతే అది ఒక బాధ. దాంతోపాటు ఆరు నెలల పద్దు కూడా పోతే ఇంకా పెద్ద బాధ.

రెండు గంటలు ఎప్పటి నుంచి?

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి. చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు. దాదాపు అందరూ ఇక్కడే పొరబడతారు. నిదానంగా తినే ఇళ్లలో ఆ తేడా అరగంట దాకా ఉంటుంది. అందుకే తినడం మొదలుపెట్టేటప్పుడే ఫోనులో గడియారం తెరిచి రెండు గంటల టైమర్ పెట్టేయండి. మొదటి పాఠంలో మాత్రల అలారానికి పేరు పెట్టడం నేర్చుకున్నాం కదా, దీనికీ "షుగర్ చూడాలి" అని పేరు పెట్టండి. పేరు లేని అలారం మోగితే దేనికి మోగిందో తెలియక ఆపేసి మళ్లీ పడుకుంటాం.

చుక్క తీసే ముందు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి. ఇది ఎక్కడైనా అవసరమే, మన జిల్లాలో మే నుంచి జులై దాకా మరీ అవసరం. మామిడిపండు కోసిన వేలితో చుక్క తీస్తే, వేలికంటిన తీపి రక్తంలో కలిసి అంకె ఎక్కడికో పోతుంది. మా పిన్నికి ఒకసారి 340 వచ్చింది. ఇల్లంతా టెన్షన్ పడ్డాం. చేయి కడిగి మళ్లీ చూస్తే 156. ఆ రోజు ఆమె తను తినడానికి కాదు, పిల్లలకు మామిడిపండ్లు కోసి పెట్టింది.

వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. చుక్క రాకపోతే గట్టిగా పిండకండి, చేతిని కాసేపు కిందికి వేలాడదీసి మళ్లీ చూడండి. స్ట్రిప్‌ల డబ్బా మూత వెంటనే బిగించాలి. మన ఎండల్లో ఆ డబ్బాను బండి డిక్కీలో వదిలేస్తే స్ట్రిప్‌లు పాడవుతాయి, అంకెలు తప్పుతాయి.

ఇంకో మాట. అదే వేలికి రెండు నిమిషాల తేడాతో చూస్తే 142, 151 వచ్చాయని కంగారు పడకండి. ఇంట్లో వాడే మిషన్లకు అంతర్జాతీయ ప్రమాణమే 100 పైన ఉన్న అంకెల్లో 15 శాతం అటూ ఇటూ ఉండవచ్చని ఒప్పుకుంటుంది. అయిదు పది పాయింట్ల తేడాకు అర్థాలు వెతకొద్దు. అదే పళ్లేనికి మూడుసార్లూ 80, 90 పెరుగుతుంటే మాత్రం దానికి అర్థం ఉంది.

స్ట్రిప్ ఒక్కోటీ డబ్బే, ఆ సంగతి నాకూ తెలుసు. రోజూ ఆరుసార్లు గుచ్చుకోమని చెప్పను. వారానికి మూడు జంటలంటే ఆరు స్ట్రిప్‌లు. యాభై స్ట్రిప్‌ల డబ్బా ఎనిమిది వారాలు వస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, గర్భిణులకు డాక్టర్ ఇంకా ఎక్కువసార్లు చూడమంటారు. వాళ్లు ఆ మాటే వినాలి.

ఫోన్ కెమెరా మీద వేలు పెడితే షుగర్ చెబుతామనే యాప్‌లు కనిపిస్తాయి. నమ్మకండి. చర్మం గుచ్చకుండా షుగర్ కొలుస్తామని చెప్పే వాచీలు, ఉంగరాలు వాడొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది కూడా. చేతికి అంటించుకునే సెన్సర్ వేరు. దానికి చర్మం లోపలికి వెళ్లే సన్నటి తీగ ఉంటుంది, అది నిజంగానే కొలుస్తుంది. దాని గురించి తర్వాత ఒక పాఠం రాస్తాను.

అంకెను చూసి ఏమనుకోవాలి

గర్భిణులు కాని పెద్దవాళ్లలో చాలామందికి డాక్టర్లు పెట్టే గురి ఇది: తినకముందు 80 నుంచి 130 మధ్య, తినడం మొదలుపెట్టిన ఒకటి రెండు గంటలకు 180 లోపు. బాగా వయసు మళ్లినవాళ్లకు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు గురి కాస్త సడలిస్తారు, ఎందుకంటే వాళ్లకు షుగర్ పడిపోవడమే ఎక్కువ ప్రమాదం. గర్భిణులకు బాగా బిగిస్తారు. మీ గురి ఎంతో మీ డాక్టర్‌ను అడిగి, మన చాట్‌లో మొట్టమొదటి మెసేజ్‌గా రాసి, దానికి స్టార్ పెట్టుకోండి.

70 కన్నా తక్కువ వస్తే మాత్రం పద్దు సంగతి పక్కన పెట్టండి. వణుకు, చెమట, గుండె దడ, కళ్లు మసకలు, మాట తడబడటం ఉంటే అసలు మిషన్ కోసం కూడా వెతకొద్దు. మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగండి. ఫోనులో 15 నిమిషాల టైమర్ పెట్టి మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే చక్కెర. తేరుకున్నాక ఏదైనా తిని, అప్పుడు తీరిగ్గా రాయండి, ఎందుకంటే ఈ అంకెను డాక్టర్ తప్పకుండా చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందులు వాడేవాళ్లకు ఈ భయం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు చాలా తక్కువ.

జంటల్ని చూసి పళ్లెం మార్చుకోవచ్చు, తిన్నాక పావుగంట నడవొచ్చు. ఆ నడక తిన్న తర్వాతి అంకెను నిజంగానే తగ్గిస్తుంది. అదే పళ్లెం ఒకరోజు నడవకుండా, ఒకరోజు నడిచి తిని, రెండు జంటలూ పక్కపక్కన పెట్టి చూడండి. మందుల మోతాదు మాత్రం మీ అంతట మీరు మార్చకూడదు. అది డాక్టర్ పని.

డాక్టర్‌కు ఫోన్ అందించి "చూడండి సార్" అంటే ఆయన నలభై ఫొటోలు జరపలేరు, అంత టైము ఎవరికీ ఉండదు. వెళ్లే ముందు రోజు రాత్రి "జంట" అని వెతికి, ఒకే మెసేజ్‌లో ఇలా రాసుకోండి: టిఫిన్ తేడాలు 46, 52, 40. మధ్యాహ్నం 110, 103, 45. రాత్రి 42, 38, 50. మధ్యాహ్నం మూడోసారి పళ్లెం మార్చాను. 70 లోపు ఒక్కసారి, ఫలానా తేదీ, భోజనం ఆలస్యమైంది. ఇది చదవడానికి అర నిమిషం పడుతుంది. మా డాక్టర్ ఇలాంటి మెసేజ్ చూసి కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు. ఆ రోజు మధ్యాహ్నపు మందు ఒకటి మార్చారు. ఆ మందు, సగమైన ముద్ద, రెండూ కలిసి మూడు నెలల తర్వాత అమ్మ 8.4 కాస్తా 7.3 అయింది.

తిట్టే ఇంట్లో పద్దు నిలవదు

ఇది ఫోన్ సంగతి కాదు, కానీ ఇది చెప్పకపోతే పాఠమే వృథా.

మొదట్లో అమ్మ అంకెలన్నీ మా ఇంటి వాట్సాప్ గ్రూపులోనే పెట్టేది. తమ్ముడు బెంగళూరులో, నేను ఇక్కడ. 200 దాటిన రోజు తమ్ముడు "మళ్లీ స్వీటు తిన్నావా అమ్మా" అని రాసేవాడు. నేను ఇంటికొచ్చి ఇంకో నాలుగు మాటలు అనేదాన్ని. ప్రేమతోనే అన్నాం. నెల తిరిగేసరికి అమ్మ అంకెలు చక్కగా 140, 150 దగ్గర నిలబడిపోయాయి. సంతోషపడ్డాం. ఒకరోజు మిషన్ బ్యాటరీ మారుస్తూ, టైము మళ్లీ సరిచేస్తూ, అందులో దాచి ఉన్న పాత అంకెలు చూశాను. గ్రూపులో 146 అని రాసిన రోజు మిషన్‌లో 214 ఉంది. 150 అన్న రోజు 227.

డెబ్భై ఏళ్ల మనిషి, మమ్మల్ని పెంచిన మనిషి, మా మాటలకు భయపడి అబద్ధం రాసుకుంది. ఆ తప్పు ఆమెది కాదు. ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను. మర్నాడు అమ్మతో చెప్పాం: ఇక మీద పద్దు నీ చాట్‌లోనే, నీకు నువ్వే రాసుకో. చూపించాలనిపిస్తే చూపించు. ఎంతున్నా మేం అడిగేది ఒక్కటే, "ఏం తిన్నావు, ఎలా ఉంది ఒంట్లో" అని. అంకె ఎక్కువ రావడం నేరం కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని చెప్పింది. ఇంతమందిలో ఎవరూ కావాలని తెచ్చుకోలేదు.

పిల్లలు దూరాన ఉండి ఈ పాఠం చదువుతుంటే, ఒక్కటి అడుగుతాను. అమ్మానాన్నలు పంపిన పెద్ద అంకెకు మొదటి జవాబుగా "చూసి చెప్పినందుకు మంచిదైంది" అని రాయండి. మిగతా మాటలు తర్వాత.

ఫోన్ రాని చోటు

మన ఊరివాళ్లకు ఈ చిక్కు ప్రత్యేకం. తిరుమలలో దర్శనం క్యూలోకి ఫోన్ రానివ్వరు, ముందే అప్పగించాలి. రద్దీ రోజుల్లో లోపల గంటల తరబడి ఉండాల్సి వస్తుంది. మీరు మొదటి పాఠంలో పెట్టుకున్న మాత్రల అలారం లాకర్లో మోగుతూ ఉంటుంది, మీకు వినిపించదు. అందుకని కొండకు బయల్దేరే ముందు రోజే ఆ పూట మాత్రల పేర్లు, టైములు ఒక చిన్న చీటీ మీద రాసి, మాత్రలతో పాటు చీరకొంగులోనో చొక్కా జేబులోనో పెట్టుకోండి. ఆ చీటీ వెనక మీ పేరు, షుగర్ ఉందన్న మాట, ఇంట్లోవాళ్ల నంబరు రాయండి. చక్కెర పొట్లం తప్పదు. కంపార్ట్‌మెంట్లలో అన్నప్రసాదం, పాలు ఇస్తుంటారు. అది అందే దాకా ఖాళీ కడుపుతో ఉండకుండా కాస్త వేయించిన చెనక్కాయలు దగ్గర ఉంచుకోండి.

అలిపిరి మెట్ల దారిన నడిచేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా నడక. ఫోనులో అడుగుల లెక్క చూసి సంబరపడతాం, కానీ అంత కష్టానికి షుగర్ దారి మధ్యలోనే పడిపోవచ్చు, కొన్ని గంటల తర్వాత కూడా పడిపోవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు ముందుగా డాక్టర్‌ను అడిగి, ఎక్కే ముందు ఒకసారి, సగం దారిలో గాలిగోపురం దగ్గర ఒకసారి చూసుకోండి. ఒంటరిగా ఎక్కొద్దు. ఈ రెండు అంకెల్నీ జంటగానే రాయండి, తిండి రాసే చోట "మెట్లు" అని రాస్తే సరి. ఆ జంటలో తేడా కిందికి ఉంటుంది.

లడ్డూ సంగతి అడుగుతారని తెలుసు. చిన్న లడ్డూయే 175 గ్రాములు ఉంటుంది. ప్రసాదాన్ని కాదనమని ఎవరికీ చెప్పను. చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుని, మిగతాది ఇంటిల్లిపాదికీ, ఇరుగుపొరుగుకూ పంచండి. ఎప్పటినుంచో మన ఇళ్లలో చేసేదీ అదే.

ఈ వారం పని

మూడు జంటలు. మూడూ ఒకే పూటవి కావాలి, వేర్వేరు పూటలవి వద్దు. మీరు రోజూ తినేదీ, "ఇది మనకు మంచిదే" అని గట్టిగా నమ్మేదీ ఎంచుకోండి. నా మాట నమ్మి ముందు దాన్నే చూడండి. మొదటి రెండు రోజులూ ఎప్పుడూ తినేంతే తినండి, పరీక్ష కదా అని తగ్గించొద్దు. తగ్గిస్తే ఆ అంకె మీ రోజువారీ జీవితాన్ని చెప్పదు. మూడో రోజు ఒకే ఒక్క మార్పు చేయండి: ముద్ద తగ్గించడమో, కూర పెంచడమో, తిన్నాక నడవడమో. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పని చేసిందో తెలియదు. మర్చిపోయి రెండు గంటలకు బదులు మూడు గంటలకు చూస్తే, అలాగే "మూడు గంటలకు" అని రాసేయండి. అదీ పనికొస్తుంది.

వచ్చే పాఠంలో ఫోన్ కెమెరాతో అరికాళ్లు చూసుకోవడం నేర్చుకుందాం. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి, ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. మోకాళ్ల నొప్పులతో వంగి చూసుకోలేనివాళ్లకు కెమెరా బాగా పనికొస్తుంది. దానికి కావాల్సినవి ఇవి: పగటి వెలుతురు పడే కిటికీ, ఒక పీట, ఫోనును ఆనించి నిలబెట్టడానికి నీళ్లు నింపిన చెంబు. పాదాలు కడిగి తడి లేకుండా తుడుచుకుని రండి, వేళ్ల సందుల్లో కూడా.